రక్కర్ పార్కుకి టికెట్ ఎంత?

ప్రశ్న: డ్రిల్లు మాస్టారూ, నమస్కారం. మావాడు ఇంటర్‌లో ఉన్నాడు. పుస్తకం తెరిస్తే ఒట్టు, ఎప్పుడూ ఫోన్‌లో రక్కర్ పార్క్ బాస్కెట్‌బాల్ వీడియోలే. డ్యురాంట్ అనే అతను అక్కడ ఒక్క మ్యాచ్‌లో 66 పాయింట్లు కొట్టాడట. అది అంత పెద్ద స్టేడియమా? టికెట్ ఎంతుంటుంది? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: స్టేడియమూ లేదు, టికెట్టూ లేదమ్మా. కార్పొరేషన్ వాళ్ళ పార్కు. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది కాబట్టి ఓసారి పనిగట్టుకుని వెళ్ళి చూసొచ్చాను. న్యూయార్క్‌లో హార్లెమ్ అని, నల్లజాతివాళ్ళు తరతరాలుగా ఉంటున్న పేట. 'డి' అనే మెట్రో రైలెక్కి 155వ వీధిలో దిగితే అక్కడే. ఒక కోర్టు, చుట్టూ ఇనప కంచె, రోడ్డవతల ముప్పై అంతస్తుల ఇళ్ళు. "ఇంతేనా!" అనేశాను. మా అల్లుడు ఒకటే నవ్వు.

ఈ పార్కుకి పేరిచ్చిన హోల్‌కోంబ్ రక్కర్ అనే ఆయన, న్యూయార్క్ పార్కుల శాఖలో ఉద్యోగి. వేసవిలో పిల్లలు వీధులు పట్టిపోకుండా 1950 ప్రాంతంలో టోర్నమెంట్ పెట్టాడు. అప్పుడు ఆడింది వేరే చోట్ల, 155వ వీధికి తర్వాత మారింది. ఆయన పిల్లల ప్రోగ్రెస్ కార్డులు అడిగి మరీ చూసేవాడు! ఆటలోనే చదువూ చెప్పేవాడు, ఎందరికో కాలేజీల్లో స్కాలర్‌షిప్పులు వచ్చేలా చూశాడు. తనూ ఒకప్పుడు బడి మానేసినవాడే. సైన్యం నుంచి వచ్చాక పట్టుబట్టి డిగ్రీ చేసి, ఇంగ్లీషు టీచరు కూడా అయ్యాడు. 1965లో క్యాన్సర్‌తో పోయాడు, నలభై కూడా నిండలేదు. 1974లో పార్కుకి ఆయన పేరు పెట్టారు.

విల్ట్ చాంబర్లేన్, జూలియస్ అర్వింగ్ లాంటి బాస్కెట్‌బాల్ మహామహులు సెలవుల్లో వచ్చి పేట కుర్రాళ్ళతో తలపడేవాళ్ళు. చోటు చాలక జనం చెట్లెక్కి, మేడలెక్కి చూసేవాళ్ళట. మైకు పట్టినవాడు ఆటగాళ్ళకి రోజుకో ముద్దుపేరు తగిలించేవాడు. అర్వింగ్ విసిగిపోయి "నన్ను డాక్టర్ అనండి చాలు" అన్నాడు. "డాక్టర్ జె" అనే పేరు అలా మోగిపోయింది.

మీవాడు చెప్పిన 66 పాయింట్లు నిజమే, 2011 ఆగస్టు 1న. అప్పుడు యజమానులకీ ఆటగాళ్ళకీ గొడవై ఎన్‌బిఎ, అంటే అమెరికా పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్, మూతబడి ఉంది. కోట్లు తీసుకునే కెవిన్ డ్యురాంట్ ఆ పేటలో దిగి ఆడాడు.

నా ముప్పై ఏళ్ళ సర్వీసులో డ్రిల్లు పీరియడ్‌ని లెక్కల మాస్టారు లాక్కోని వారం లేదు. అందుకే నేను ఆటకే ఓటేస్తాను. మీవాణ్ణి రోజూ సాయంత్రం ఒక గంట కోర్టుకి పంపండి. కాకపోతే నెలకోసారి మార్కుల కార్డు మీ చేతిలో పెట్టాకే బంతి ముట్టుకోమనండి. గొణిగితే రక్కర్ గారి రూలని చెప్పండి.