కంపెనీ వయోమింగ్‌ది, పని ఫ్రీమాంట్‌లో

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాను, గ్రీన్ కార్డు ఉంది. వయోమింగ్‌లో ఇన్‌కమ్ టాక్స్ లేదని స్నేహితుడు చెబితే 2020లో అక్కడ నా ఒక్కడి పేరు మీద ఎల్‌ఎల్‌సీ (యజమాని బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీ) పెట్టి, ఇంటి నుంచే కన్సల్టింగ్ చేస్తున్నాను. ఆదాయమంతా నా సొంత రిటర్నుల్లో చూపించి పన్ను కట్టాను. అయినా ఎల్‌ఎల్‌సీ రిటర్ను వేయలేదని కాలిఫోర్నియా పన్నుల శాఖ అయిన ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు నోటీసు పంపింది. నాన్నగారి ఆపరేషన్ ఖర్చులతో ఇప్పటికే చితికిపోయాను. కంపెనీని పాత తేదీతో గుంటూరులో ఉన్న అన్నయ్య పేరుకు మారిస్తే బయటపడతానా? శాన్ హోసే క్లయింటు ఒకాయన 2023 నాటి బిల్లు కూడా ఇంకా ఇవ్వలేదు.

జవాబు: కంపెనీ ఎక్కడ రిజిస్టర్ అయిందో ఈ కేసులో ఎవరూ అడగరు. పని చేసిన మనిషి ఎక్కడ కూర్చుని చేశాడో అడుగుతారు. దానికి సాక్ష్యం మీరే ఇచ్చేశారు. మీ సొంత రిటర్నులో వ్యాపార ఆదాయం చూపే షెడ్యూల్ సిలో ఫ్రీమాంట్ చిరునామా ఉంటుంది. ఇంట్లో ఆఫీసు గదికి మినహాయింపు కూడా తీసుకుని ఉంటే ఇక వాదించడానికి ఏమీ మిగలదు.

ఏకసభ్య ఎల్‌ఎల్‌సీని లేనట్టే చూసేది ఆదాయపు పన్ను లెక్కకు మాత్రమే. కాలిఫోర్నియాలో వ్యాపారం చేసే ఎల్‌ఎల్‌సీ లాభం వచ్చినా రాకున్నా ఏటా 800 డాలర్లు కట్టాలి, ఎల్‌ఎల్‌సీ రిటర్ను అయిన ఫామ్ 568 వేయాలి. 2020 నుంచి 2025 దాకా అసలు బాకీయే 4,800 డాలర్లు. కాలిఫోర్నియా వసూళ్లు 2,50,000 డాలర్లకు చేరిన ఏడాదికి మరో 900 ఫీజు. ఖర్చులు తీసేశాక మిగిలే లాభం కాదు, మొత్తం వసూళ్లు చూస్తారు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

పాత ఏళ్లకు కాలదోషం పట్టిందనుకోకండి. రిటర్ను వేస్తే బోర్డుకు మామూలుగా నాలుగేళ్ల గడువు. వేయకపోతే ఆ గడువు మొదలే కాదు. మీ సొంత రిటర్ను వేరు, 568 వేరు. ఐదేళ్లు నిశ్చింతగా ఉండి, ఆ స్నేహితుడి మాట తప్ప ఒక్క సలహా కాగితం కూడా చేతిలో లేకపోతే దాన్ని అజాగ్రత్త అనే అంటాను.

అన్నయ్య సంగతి. ఆ పని చేయకండి! ఆ ఏళ్లలో యజమాని మీరేనని మీ రిటర్నులు, బ్యాంకు సంతకాలు చెబుతుంటే, పాత తేదీ కాగితం పుట్టించడం పన్ను బాకీని మోసం కేసుగా మార్చడమే. పైగా విదేశంలో ఉండే వ్యక్తి సొంతదారు అయితే విదేశీ యజమానితో కంపెనీ లావాదేవీలు చూపే ఫెడరల్ ఫామ్ 5472 వేసే బాధ్యత వస్తుంది. అది వేయకపోతే జరిమానా 25,000 డాలర్లతో మొదలవుతుంది. మీ బాకీ ఎంత, ఆ జరిమానా ఎంత?

నోటీసులోని గడువులోగా అన్ని ఏళ్ల 568లూ వేసి 800లు కట్టండి. కాలిఫోర్నియాలో రిజిస్టర్ కాని కంపెనీ, రిటర్ను వేయమని బోర్డు డిమాండు వచ్చాక 60 రోజుల్లో వేయకపోతే ఏడాదికి 2,000 చొప్పున అదనపు జరిమానా ఉంది. ఆలస్యపు జరిమానా మాఫీకి నాన్నగారి ఆపరేషన్ ఈ ఏడాదికి పనికొస్తుందేమో గాని 2020కి పనికిరాదు. అన్ని వివరాలూ ఇచ్చాక కూడా 568 అక్కర్లేదని మీ టాక్స్ ప్రిపేరర్ రాసిన మెయిల్ ఉంటే వెతకండి, దానికి విలువుంది.

క్లయింటు మీద దావా వేయాలంటే ముందు కాలిఫోర్నియాలో రిజిస్టర్ కావాలి. రిజిస్ట్రేషన్ లేని బయటి ఎల్‌ఎల్‌సీ దావాను ఇక్కడి కోర్టు నడవనివ్వదు. ఫామ్ ఎల్‌ఎల్‌సీ-5, రుసుము 70 డాలర్లు, వయోమింగ్ నుంచి కంపెనీ సక్రమంగా ఉందనే సర్టిఫికెట్ జతచేయాలి. అక్కడి వార్షిక రిపోర్టు బాకీ ఉంటే ముందు అది తీర్చండి. రాతపూర్వక ఒప్పందం ఉంటే బాకీ ఎగ్గొట్టిన రోజు నుంచి నాలుగేళ్లు, అంటే 2027లో ఆ తేదీ దాకా టైముంది. నోటిమాట ఒప్పందమైతే గడువు రెండేళ్లే. అప్పుడు బాకీ ఒప్పుకుంటూ ఆయన సంతకం చేసిన కాగితం ఏదైనా ఉందేమో చూడండి. ఎల్‌ఎల్‌సీని మూసేయాలన్న ఆలోచన ఉన్నా, ఆ డబ్బు సంగతి తేలేదాకా మూయవద్దు.