ఆటల సంగతి తర్వాత, ముందు భోజనాల వరస చూడండి

120 మంది ఉన్న ఆఫీసులో క్రిస్మస్ పార్టీ బాధ్యత మీ మీద పడింది, పోయినేడు సగం మంది మధ్యలోనే వెళ్ళిపోయారు, ఈసారి చివరిదాకా ఉండాలంటే ఏ ఆటలు పెట్టాలి అని అడిగారు. ఆటలు చూసి ఎవరూ ఆగరండీ. ఆకలేసి, నిలబడి నిలబడి కాళ్ళు లాగి, ఇంటికి పొద్దుపోతోందని జనం వెళ్ళిపోతారు. ముందు ఈ మూడూ చూసుకోండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు భోజనాల వరస. బఫే బల్లను తీసుకెళ్ళి గోడకి ఆనిస్తారు, ఇక ఒకవైపు నుంచే వడ్డించుకోవాలి. మనిషికి అర నిమిషం వేసుకున్నా 120 మందికి గంట. ఆఖరివాళ్ళ చేతికి పళ్ళెం వచ్చేసరికి మొదట తిన్నవాళ్ళు చెయ్యి కడుక్కుని బ్యాగు సర్దుకుంటూ ఉంటారు. ఆ వరస పక్కన ఐదు నిమిషాలు నిలబడి చూస్తే ఎక్కడ ఆగుతోందో ఇట్టే తెలుస్తుంది. ఒక చేతిలో పళ్ళెం, రెండో చేతిలో చెంచా, ఫోర్కు, పేపర్ న్యాప్‌కిన్. ఇప్పుడు గిన్నె మూత తియ్యాలి. తీసిన మూత ఎక్కడ పెట్టాలో తెలీదు, దాని లోపలి ఆవిరి నీళ్ళు బల్లగుడ్డ మీద కారుతుంటాయి, ఈలోపు ఫోర్కు జారి కిందపడుతుంది. వంగి తీసుకునేలోపు వెనక పదిహేను మంది ఆగిపోతారు. ఆ తర్వాత గ్లాసుల దగ్గర నీళ్ళు పట్టుకుంటూ మళ్ళీ ఆగుతారు.

కాబట్టి బల్లను గోడకి మీటరున్నర దూరం లాగి, రెండు వైపులా నడిచేలా పెట్టించండి. ప్రతి గిన్నెలో రెండు గరిటెలు వెయ్యండి. పళ్ళాలు వరస మొదట్లో, చెంచాలూ న్యాప్‌కిన్లూ చివర్లో ఉండాలి. నీళ్ళూ పానీయాలూ గదికి అవతలి మూలన పెడితే జనం అటూ ఇటూ చెదురుతారు. వడ్డన మొదలవగానే మూతలన్నీ తీయించేయండి. ఇలాంటి బల్లలు రెండు వేస్తే నాలుగు వరసలవుతాయి, వరసకి ముప్ఫై మంది, పావుగంటలో అందరూ పళ్ళెంతో కూర్చుంటారు. రెండు బల్లల మీదా అవే పదార్థాలుండాలి సుమా. ఒకదాని మీద ఒకటీ ఇంకోదాని మీద ఇంకోటీ పెడితే ప్రతి ఒక్కరూ రెండుసార్లు వరసలో నిలబడతారు.

మాంసం తిననివాళ్ళ లెక్క కట్టి సరిగ్గా అంతే చేయించకండి. ఆ వంటకాలు మిగతావాళ్ళూ రుచి చూస్తారు, తీరా అసలువాళ్ళు వచ్చేసరికి గిన్నె అడుగు కనిపిస్తుంది. వాటిని ఎక్కువ చేయించండి, లేదా వాళ్ళని ముందు పిలవండి. కొందరికి కొన్ని పడవు, అందుకే పల్లీలు, జీడిపప్పు లాంటి గింజలు, పాలు, గుడ్లు, గోధుమలు దేంట్లో ఉన్నాయో గిన్నె ముందు చీటీ రాసి పెట్టండి. కుర్చీలు మాత్రం అందరికీ ఉండి తీరాలి.

పార్టీ ఎప్పుడు పెట్టాలంటే, డిసెంబరు మొదటి రెండు వారాల్లో, వారం మధ్యలో, పనివేళల్లోనే. 25 దగ్గరపడేకొద్దీ ఎవరి ఇంటి పనులు వాళ్ళకుంటాయి. మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 6 దాకా అనుకుంటే 6కి అయిపోతుందని పిలుపులోనే రాయండి, వచ్చిన అరగంటలోపు భోజనం పెట్టండి. సాయంత్రం ఏడుకి పెట్టి, రాకపోతే బాగుండదు అనడం ఉద్యోగి సొంత సమయాన్ని లాక్కోవడమే. ఇష్టం లేనివాళ్ళని ఎందుకు రాలేదని అడగొద్దు. అందరూ క్రిస్మస్ చేసుకునేవాళ్ళే కారు కూడా.

ప్రసంగం ఒక్కటే, ఐదు నిమిషాలు, వడ్డనకి ముందు. స్పీకర్లు మైకుకి ముందువైపు, జనం వైపు తిరిగి ఉండాలి. స్పీకరు శబ్దం తిరిగి మైకులోకి వెళ్తే ఆ కూత భరించలేం. తినేటప్పుడు పాటలు బాగా తగ్గించండి. చుట్టూ మోత ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లోంబార్డ్ 1911లోనే రాశాడు. పాట మోతలో వినపడాలని ఒకరు గట్టిగా మాట్లాడితే పక్కవాళ్ళు ఇంకా గట్టిగా మాట్లాడతారు, అరగంటకి అందరికీ తలనొప్పి.

సీక్రెట్ శాంటా, అంటే తమ వంతుకి వచ్చినవాళ్ళకి పేరు చెప్పకుండా కానుక ఇచ్చే ఆట, పెట్టేట్టయితే పేర్ల చీటీలు డబ్బాలో వేసి తీయించొద్దు. కనీసం ఒకరికి తన పేరే తగిలే అవకాశం సుమారు 63 శాతం, పదిమంది ఉన్నా వందమంది ఉన్నా దాదాపు అంతే. పేర్ల చీటీలు బాగా కలిపి బల్ల మీద గుండ్రంగా పేర్చండి. ప్రతివాళ్ళూ తమ తర్వాతి పేరుకి కానుక ఇవ్వాలి. ఎవరి పేరూ వాళ్ళకి రాదు, ఎవరూ మిగలరు. మధ్యలో ఒకరు మానేస్తే వాళ్ళ ముందున్నవాళ్ళు వెనకున్నవాళ్ళకి ఇస్తే సరి. కానుక ధరకి పై హద్దుతోపాటు కింది హద్దూ చెప్పండి. పార్టీ రోజు పొద్దున్నే పొట్లాలు లెక్కపెట్టండి, ఎవరి పేరైనా లేకపోతే ముందే చుట్టి ఉంచిన రెండు మూడు అదనపు పొట్లాల్లో ఒకదాని మీద రాసేయండి. అందరి చేతుల్లో పొట్లం ఉండి ఒక్కరే ఖాళీ చేతులతో నవ్వుతూ నిలబడటం కన్నా బాధ పార్టీలో ఇంకోటి లేదు. వేదిక మీదికి ఒక్కొక్కరినీ పిలిచి విప్పించకండి, నలభై మందైతే నలభై నిమిషాలు. ఎవరి బల్ల దగ్గర వాళ్ళు ఒకేసారి విప్పుకుంటారు.

రాత్రి షిఫ్టువాళ్ళు, కాపలావాళ్ళు, శుభ్రం చేసేవాళ్ళు, కాంట్రాక్టువాళ్ళు కూడా ఆ ఆఫీసువాళ్ళే. వాళ్ళకి మిగిలింది పంపడం తప్పు. వరస మొదలవకముందే వాళ్ళ వాటా తీయించి పక్కన పెట్టించండి, కానుకల జాబితాలో వాళ్ళ పేర్లూ చేర్చండి.

ఇక మీరడిగిన ఆటలు. భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు చాలు. ఆరుగురేసి జట్లుగా, వేరువేరు విభాగాలవాళ్ళని కలిపి, కూర్చున్నచోటే ఆడే క్విజ్ పెట్టండి, ఇరవై ప్రశ్నలు. ఎవరి చెయ్యీ పట్టి వేదిక మీదికి లాగొద్దు, డాన్సు చెయ్యమని బలవంతపెట్టొద్దు. ఆడనివాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారు, వాళ్ళనలా మాట్లాడుకోనివ్వండి.