రాత్రి విమానం నడపాలంటే భయమా?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పైలట్ అవుతానని పట్టుబడుతున్నాడు. వాడికి కళ్లద్దాలున్నాయి. పైగా చీకట్లో, వానలో విమానం నడపడమంటే మాకు గుండె దడ. ఒప్పుకోమంటారా?

జవాబు: మీ దడ సహజమే కానీ, చీకట్లో ఎగరడాన్ని ఎవరూ పైలట్ ధైర్యానికి వదిలేయలేదండీ. కంటితో బయటకు చూస్తూ నడిపే పద్ధతిని వీఎఫ్ఆర్ అంటారు. సూర్యాస్తమయమైన 20 నిమిషాల తర్వాత మన దేశంలో దానికి అనుమతి లేదు. విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీ ఒప్పుకుంటే స్థానికంగా ఎగిరేవాటికి, ఫ్లయింగ్ క్లబ్బుల శిక్షణకు మినహాయింపు ఉంది. పగలు కూడా పది వేల అడుగుల ఎత్తు లోపు 5 కిలోమీటర్ల దూరం కనిపించాలి, మబ్బుకు నిలువునా వెయ్యి అడుగుల ఎడం పాటించాలి. రాత్రి మీరు చూసే ప్రయాణికుల విమానాలు పరికరాల ఆధారంగా నడుస్తాయి. వాటికీ హద్దులున్నాయి. రన్‌వేకి దారి చూపే రేడియో సంకేతాల వ్యవస్థ, అంటే మామూలు ఐఎల్ఎస్‌తో దిగుతూ 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే గానీ దాని దీపాలు గానీ కనిపించకపోతే, మారుమాట లేకుండా మళ్లీ పైకి లేవాలి.

నన్నడిగితే అసలు పరీక్ష వేరే ఉంది. మన తీరం నుంచి రాత్రి సముద్రం మీదికి ఎగిరితే నీళ్లెక్కడ ముగిశాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. వేగం పుంజుకుంటుంటే విమానం ముక్కు పైకి లేస్తున్నట్లు లోచెవి భ్రమ పెడుతుంది. అది నమ్మి ముక్కు దించితే నీళ్లలోకే. ఒంటి మాట కాదని పరికరం మాట వినడం అలవాటు కావాలి. అందుకే కమర్షియల్ పైలట్ లైసెన్సు, అంటే సీపీఎల్‌కు కావలసిన 200 గంటల్లో పరికరాల మీద 10 గంటలు, తనే పైలట్‌గా రాత్రిపూట 5 గంటలు తప్పనిసరి చేశారు. మీవాడు తన మొండిపట్టు వదిలి ఎదుటి ఆధారాన్ని ఒప్పుకునే రకమేనా? అది మీకే బాగా తెలుసు.

పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పరీక్షల్లో వాతావరణ శాస్త్రం ఒక పేపరు, 70 శాతం వస్తేనే పాస్. ఇప్పటినుంచే చెన్నై విమానాశ్రయం మెటార్ నివేదికలు (అక్కడి తాజా వాతావరణాన్ని చెప్పేవి) చదవమనండి. ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) దగ్గర పడుతున్నకొద్దీ పొగమంచు పట్టే అవకాశం ఎందుకు పెరుగుతుందో వాడే మీకు చెప్పగలగాలి.

అద్దాలతో చూపు సరిపోతే ఇబ్బంది లేదు. రంగులు గుర్తించలేకపోతేనే చిక్కు. డీజీసీఏ గుర్తించిన వైద్యుల దగ్గర ముందు క్లాస్ 2 (శిక్షణ మొదలుపెట్టడానికి), ఆపైన క్లాస్ 1 (సీపీఎల్‌కు) వైద్య పరీక్షలు చేయించండి. ఆ క్లాస్ 1 కాగితం చేతికొచ్చేదాకా ఏ శిక్షణ సంస్థకూ అడ్వాన్సు కట్టకండి.