మీట నొక్కితే సుఖమేనా?

ప్రశ్న: ‘మెదడులో ఒకచోట విద్యుత్ ప్రేరణ అందేలా అమర్చిన మీటను ఎలుక పదేపదే నొక్కుతోంది, కాబట్టి ఆ ప్రేరణ దానికి సుఖాన్నిస్తోంది.’ ఈ వాదనను బలహీనపరిచేది ఏదని అభ్యాస పత్రంలో అడిగారు. నేను ‘కొన్ని ఎలుకలు మీటను నొక్కలేదు’ అన్నది ఎంచుకున్నాను. ‘సుఖం లేకపోయినా జంతువు ఒక పనిని పదేపదే చేయవచ్చు’ అన్నదే సరైనదట. ఎందుకు?

జవాబు: వాదన నొక్కుతున్న ఎలుక గురించి, నొక్కని ఎలుకల ప్రస్తావన దానిని తాకదు. పదేపదే చేయడం కళ్లకు కనిపించే విషయం, సుఖం మనం ఊహించినది. ఈ రెండింటి నడుమ ‘పదేపదే చేసేది సుఖం కోసమే’ అనే చెప్పని మాట ఒకటి దాగి ఉంది, సరైన జవాబు దెబ్బ తీసేది దానినే. పుప్పిపన్ను సలుపుతున్నప్పుడు నాలుక వద్దన్నా అక్కడికే వెళ్లడం మనకు తెలియనిదా?

ఈ ప్రశ్నకు మూలం 1954లో శాస్త్రవేత్తలు ఓల్డ్స్, మిల్నర్‌లు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం. ప్రేరణ పొందిన చోటును చాలాకాలం సుఖకేంద్రమనే పిలిచారు, కొంత తొందరపడి అని నా అభిప్రాయం. తరువాత నాడీశాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ బృందం ఎలుకల మెదడులో సంకేతాలు మోసే రసాయనమైన డోపమైన్‌ను దాదాపు లేకుండా చేసినప్పుడు, అవి తమంతట తాము తిండి జోలికి వెళ్లలేదు గాని, నాలుక మీద తీపి ద్రవం పడితే మాత్రం ఎప్పటిలాగే రుచిగా చప్పరించాయి. అంటే కోరిక వేరు, ఆస్వాదన వేరు.

ఒక్క జాగ్రత్త: బలహీనపరచడమంటే అబద్ధమని తేల్చడం కాదు. ఆ ఎలుకకు నిజంగానే సుఖం కలుగుతూ ఉండవచ్చు.