పేరు కలిసిందని వరస కలపకు

అమ్మాయీ,

నీ ఉత్తరం చేరింది. నీ ఇంటిపేరే ఉన్నవాళ్ళు ఇంటర్నెట్‌లో రెండు వందల పైచిలుకు దొరికారనీ, వాళ్ళందరినీ ఒకే వంశవృక్షంలోకి ఎక్కించాలనుందనీ రాశావు. నీ ఉత్సాహం చూసి ముచ్చటేసింది, ఆ జాబితా చూసి మాత్రం కాస్త భయమేసింది. ముప్పై ఏళ్ళుగా అడిగినవాళ్ళకల్లా వంశవృక్షాలు కట్టిపెడుతున్నవాణ్ణి కాబట్టి చనువుగా చెబుతున్నాను, ముందు ఆ జాబితాను మడిచి అవతల పెట్టు. పారేయమనడం లేదు. దాని వంతు చివర్లో వస్తుంది.

"ఇంటిపేరు ఒకటే కదా మావయ్యా, మూలపురుషుడూ ఒకడే అయ్యుండాలి కదా?" అని అడిగావు. అయ్యుండొచ్చు, కాకపోనూవచ్చు. ఇంగ్లీషువాళ్ళ స్మిత్, జర్మన్ల ష్మిట్, హంగరీవాళ్ళ కొవాచ్, అరబ్బుల హద్దాద్, అన్నిటికీ అర్థం కమ్మరే. కొలిమి ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఆ పేరు విడివిడిగా పుట్టింది. ఒక్క ఇంగ్లండ్‌లోనే ఉన్న స్మిత్‌లందరికీ ఒకే తాత ఉండే అవకాశం లేదు. వృత్తి నుంచో, ఊరి నుంచో, ఒంటి రంగు నుంచో వచ్చిన పేర్లన్నీ ఇంతే. ఇక ప్రభుత్వాలు పంచిపెట్టిన పేర్లున్నాయి. ఫిలిప్పీన్స్‌లో 1849లో స్పానిష్ గవర్నర్ జనరల్ క్లావెరియా ఒక పేర్ల పట్టీ తయారుచేయించి ఊళ్ళకు పంపాడు. ఏ సంబంధమూ లేని కుటుంబాలు ఆ పట్టీలోంచి పేర్లు తీసుకున్నాయి. కొన్ని చోట్ల ఊరు ఊరంతా ఒకే అక్షరంతో మొదలయ్యే ఇంటిపేర్లే. జపాన్‌లో సామాన్యులందరికీ ఇంటిపేరు తప్పనిసరి అయింది 1875లో, టర్కీలో చట్టం వచ్చింది 1934లో. అలాంటి చోట ఇంటిపేరు పట్టుకుని వెనక్కి వెళితే నాలుగైదు తరాలకే దారి ఆగిపోతుంది. మనుషులు ఉంటారు, పేరు ఉండదు.

కాబట్టి నువ్వు మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న "ఈ పేరు ఎవరిది?" అని కాదు, "ఈ పేరు మా ఇంటికి ఎప్పుడొచ్చింది?" అని. కొరియావాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడ దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు కిమ్. అందుకే ఒట్టి కిమ్ అంటే చాలదు, గిమ్హే కిమ్మా, గ్యోంగ్జు కిమ్మా అని మూలస్థానం కూడా చెప్పుకుంటారు.

దీనికి తిరగేసిన తిప్పలు కూడా ఉన్నాయి. పేరు వేరుగా కనిపించినంత మాత్రాన మనిషి వేరు కాదు. చదువురాని వ్యక్తి నోటితో చెప్పింది గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసుకునేవాడు. అంతదాకా ఎందుకు, షేక్‌స్పియర్ చేతిరాతవని చెప్పే సంతకాలు ఆరు మిగిలితే, అన్నిట్లోనూ అక్షరాలు ఒకేలా లేవు. అందుకని నీ ఇంటిపేరును ఎన్ని రకాలుగా తప్పు రాయొచ్చో ఒక కాగితం మీద నువ్వే రాసుకో. గట్టిగా పలికి చూడు, ముక్కుతో పలికి చూడు, పళ్ళూడిన ముసలాయన పలికినట్టు పలుకు. వెతికేటప్పుడు అవన్నీ వెయ్యి. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన 1918లోనే ఈ తలనొప్పికి సౌండెక్స్ అనే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అక్షరక్రమాన్ని వదిలేసి, ఒకేలా వినిపించే పేర్లను ఒకే సంకేతం కిందకు తెచ్చే పద్ధతి అది.

అన్నట్టు, "ఎల్లిస్ ఐలండ్‌లో అధికారులు మా తాత పేరు మార్చేశారు" అని ఎవరైనా చెబితే తలూపి ఊరుకో. అమెరికాకు ఓడల్లో వలస వచ్చినవాళ్ళను న్యూయార్క్ దగ్గర తనిఖీ చేసిన చోటు అది. అక్కడి ఇన్‌స్పెక్టర్లు ఓడ బయల్దేరిన రేవులోనే తయారైన ప్రయాణికుల జాబితా ముందు పెట్టుకుని మనుషులను సరిచూసుకునేవాళ్ళు. చాలామంది ఆ తర్వాత కొత్త దేశంలో స్థిరపడుతూ తమంతట తామే పేరు మార్చుకున్నారు. ప్రతి కుటుంబంలోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. కొట్టిపారేయకు, అలాగని నమ్మనూ వద్దు. ఎవరు, ఎప్పుడు చెప్పారో రాసి పక్కన పెట్టుకో.

ఇక పని సంగతి. నీ దగ్గర మొదలుపెట్టి పైకి ఎక్కు. ఎక్కడో ఉన్న గొప్పవాడి దగ్గర మొదలుపెట్టి నీ దాకా దిగాలని చూడకు. అలా దిగినవాళ్ళందరూ చివరికి ఏదో ఒక రాజుగారి ఇంట్లో తేలడం నా కళ్ళారా చూశాను. నువ్వు, మీ నాన్న, మీ తాత. ఒక్కో మెట్టుకీ "ఇతను ఫలానావారి కొడుకు" అని చెప్పే కాగితం ఒకటి ఉండాలి. పేరు కలవడం, ఊరు కలవడం కాగితం కిందకు రావు.

కాగితాలు కూడా అన్నీ ఒక ఎత్తు కావు. మరణ ధ్రువపత్రంలో చనిపోయిన తేదీని నమ్ము. అందులోనే ఉన్న పుట్టిన తేదీని మాత్రం అనుమానించు. అది చెప్పింది చనిపోయిన మనిషి కాదు, దుఃఖంలో ఉన్న కొడుకో అల్లుడో. ఏ సంగతి జరిగినప్పుడు రాసిన కాగితం ఆ సంగతికే గట్టి సాక్ష్యం. సాక్షి సంతకాలు దాటేయకు. పెళ్ళి రిజిస్టర్లోనో వీలునామా చివరో ఉన్న ఆ రెండు మూడు పేర్లు ఊరికే పడినవి కావు, బావమరిదో మేనమామో అయ్యుండొచ్చు. నాకు దారి మూసుకుపోయిన చాలాసార్లు తలుపు తీసింది ఆ సాక్షులే.

తేదీల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. ఇంగ్లండ్‌లో చర్చి రిజిస్టర్లు రాయడం 1538లో మొదలైంది. అయితే 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. ఒక దంపతులకు 1720 ఏప్రిల్‌లో పెళ్ళి, 1720 ఫిబ్రవరిలో బిడ్డ అని చూసి ఒకాయన నాకు గుసగుసగా ఫోన్ చేశాడు. ఆ తల్లి తప్పేమీ లేదు. ఆ ఫిబ్రవరి, పెళ్ళయిన పది నెలలకు వచ్చిన ఫిబ్రవరి.

నేను చేసిన వెధవపని కూడా చెబుతాను, నవ్వుకో. ఒకరి కోసం వెతుకుతుంటే పేరు, ఇంటిపేరు, ఊరు, మూడూ సరిపోయిన మనిషి దొరికాడు. వయసులో రెండేళ్ళే తేడా. గుమాస్తా పొరపాటేలే అనుకుని అతని మీదుగా నాలుగు తరాలు ఎక్కాను. రెండేళ్ళు పట్టింది. తర్వాత అదే ఊరి ఖననాల రిజిస్టరు తిరగేస్తే ఆ పిల్లాడు ఆరో ఏటనే పోయాడని తేలింది. ఆరేళ్ళ పిల్లాడికి పెళ్ళి చేసి నలుగురు బిడ్డల్ని అంటగట్టానన్నమాట! ఇద్దరు అన్నదమ్ములు తమ తండ్రి పేరే చెరో కొడుక్కి పెట్టుకున్నారు, అంతే. అప్పటినుంచీ ఎవరినైనా వృక్షంలో పెట్టే ముందు అదే పేరున్నవాళ్ళందరినీ కాగితాల మీద చంపి చూస్తాను. ఎవరు ఎప్పుడు పోయారో తేలితే, మిగిలినవాడే మనవాడు. ఎక్కడ వెతికితే దొరకలేదో కూడా తేదీ వేసి రాసుకో. లేకపోతే ఏడాది తిరిగాక అదే రిజిస్టరు మళ్ళీ మొదటి నుంచీ చూస్తావు.

కొన్ని కాగితాలు ఇక ఎప్పటికీ దొరకవు. ఐర్లండ్ పాత రికార్డులు చాలా వరకు 1922లో డబ్లిన్‌లో కాలిపోయాయి. అమెరికా 1890 జనాభా లెక్కల్లో చాలా భాగం 1921 అగ్నిప్రమాదంతో పోయింది. అలాంటి చోట ఊహతో ఖాళీ పూరించకు. గీత చుక్కలుగా గీసి వదిలెయ్యి.

మనుషులకు అంకెలు వెయ్యి. 1590లో ఐట్సింగర్ అనే ఆయన వాడిన పద్ధతి ఇప్పటికీ దాన్ని మించింది లేదు. నువ్వు 1. ఎవరి అంకెనైనా రెట్టింపు చేస్తే వాళ్ళ తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. మీ నాన్న 2, అమ్మ 3. అప్పుడు ఒక సంగతి చూడు. తండ్రి నుంచి వచ్చే ఇంటిపేరు 2, 4, 8, 16 మీదుగానే నడుస్తుంది. పది తరాలు పైకి వెళితే 1,024 స్థానాలు, వాటిలో ఇంటిపేరు దారి ఒక్కటే. మిగతా 1,023 కూడా నీ రక్తమే. మీ అమ్మమ్మ వైపు కాగితాలు కూడా ఇప్పుడే సేకరించు, తర్వాత అడగడానికి మనుషులుండరు.

డీఎన్ఏ పరీక్ష గురించి అడిగావు. ఇంటిపేరు ప్రశ్నకు పనికొచ్చేది వై క్రోమోజోమ్ పరీక్ష. అది తండ్రి నుంచి కొడుక్కే వెళుతుంది కాబట్టి నువ్వు చేయించుకుంటే రాదు, మీ నాన్నో తమ్ముడో చేయించుకోవాలి. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రయన్ సైక్స్ అనే జన్యుశాస్త్రవేత్త తన ఇంటిపేరే ఉన్న 48 మంది మగవాళ్ళను పరీక్షిస్తే 21 మందికి ఒకే గుర్తు కనిపించింది. 2000లో ఆ ఫలితం అచ్చయింది. చాలా చోట్ల విడివిడిగా పుట్టి ఉంటుందనుకున్న పేరు ఒకే మనిషి దగ్గర మొదలై ఉండొచ్చని తేలింది. మిగతా 27 మంది అబద్ధాలకోరులని కాదు. దత్తత, తల్లి వైపు నుంచి వచ్చిన పేరు, బయటికి చెప్పుకోని పుట్టుక, ఏదైనా కావచ్చు. ఆ పరీక్ష చేయించే ముందు ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి, ఊహించనిది బయటపడినా ఫరవాలేదా అని అడుగు. వద్దంటే వద్దు.

ఇప్పుడా జాబితా బయటికి తియ్యి. నీ ఇంటిపేరును ఒక అధ్యయనంగా చేయాలనుకుంటే తప్పేం లేదు, బ్రిటన్‌లో దానికోసమే 1979లో గిల్డ్ ఆఫ్ వన్-నేమ్ స్టడీస్ అనే సంఘం పుట్టింది. ఊరివారీగా, ఏడాదివారీగా అందరినీ వేరువేరు గుంపులుగా ఉంచు. కాగితం దొరికిన రోజున రెండు గుంపులు కలుపు. బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు, చిరునామాలు ఎక్కడా పెట్టకు. జనాభా లెక్కల పత్రాలనే అమెరికా 72 ఏళ్ళు, బ్రిటన్ 100 ఏళ్ళు మూసి ఉంచుతున్నాయి.

ఇవన్నీ వచ్చే నెల చూసుకోవచ్చు. ఈ ఆదివారం మాత్రం మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ దగ్గరికి పాత ఫోటోలు పట్టుకుని వెళ్ళు. "మన వంశం గురించి చెప్పండి" అంటే ఏమీ చెప్పరు. "ఈ ఫోటోలో ఈ చివర నిలబడ్డావిడ ఎవరు?" అని అడిగితే గంట ఆపరు. వాళ్ళు చెప్పినప్పుడే ఫోటో వెనక పెన్సిల్‌తో, అదీ గట్టిగా నొక్కకుండా రాసుకో. ఫోన్‌లో రికార్డు చెయ్యి, ముందు అడిగి.

మీ మావయ్య