ఆఫీసు మహానగరానికి మారుతోంది, మా అమ్మాయిని పంపించొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఇంతలో కంపెనీ ఆఫీసును ఓ మహానగరానికి మారుస్తోంది. వచ్చేవాళ్లకు జీతం 20 శాతం పెంచుతామని, సామాన్ల తరలింపు ఖర్చు ఇస్తామని చెప్పి, మూడు వారాల్లో నిర్ణయం తెలపమన్నారు. ‘నివాసయోగ్య నగరాల’ జాబితాలో ఆ నగరం పై వరసలోనే ఉంది. ఆ ధైర్యంతో పంపించొచ్చా? – ఓ తండ్రి

జవాబు: పంపించొచ్చు, కానీ ఆ జాబితాను చూసి మాత్రం కాదు.

అలాంటి జాబితాల్లో ఒకటైన ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ (బ్రిటన్ పరిశోధన సంస్థ) సూచీనే తీసుకోండి. అందులో స్థిరత్వం, శాంతిభద్రతలకు 25 శాతం, సంస్కృతి–పర్యావరణానికి 25, వైద్యానికి 20, మౌలిక వసతులకు 20, విద్యకు 10 వెయిటేజీ ఉంటుంది. జీవన వ్యయం అందులో కలవదు. వందకు 80 మార్కులు దాటిన నగరానికి ఉద్యోగిని పంపితే ప్రత్యేక భత్యం అక్కర్లేదని, 50 లోపు వస్తే జీతంలో 20 శాతం ఇవ్వాలని కంపెనీలకు సూచించడం దాని ముఖ్య ఉపయోగాల్లో ఒకటి. మెర్సర్ అనే కన్సల్టింగ్ సంస్థ చేసే ఇలాంటి సర్వేదీ దాదాపు అదే దారి. అంటే ఇల్లూ కారూ కంపెనీయే చూసిపెట్టే సీనియర్ అధికారి కోసం వేసిన మార్కులవి. సొంతంగా అద్దె ఇల్లు వెతుక్కునే పాతికేళ్లలోపు ఉద్యోగికి అవి సగం కథే చెబుతాయి.

జాబితాల్లో ఏళ్ల తరబడి పైన నిలిచిన ఆస్ట్రియా రాజధాని వియన్నా సంగతే చూడండి. అక్కడి జనంలో దాదాపు సగం మంది నగరపాలక సంస్థవో, ప్రభుత్వ సాయంతో కట్టినవో ఇళ్లలో ఉంటారు. ఆ నగరానికి పేరు రావడానికి అదొక కారణం. అయితే నగరపాలక ఇంటికి దరఖాస్తు పెట్టాలంటే సాధారణంగా రెండేళ్లుగా అక్కడ నివాసం ఉండాలి. కొత్తగా వెళ్లినవాళ్లు మొదట బయటి మార్కెట్లో అద్దెకు దిగాల్సిందే. నగరానికొచ్చిన ర్యాంకుకీ, మొదటి రెండేళ్లు అక్కడ గడిపే మనిషికీ మధ్య తేడా ఇలా ఉంటుంది.

ఇక 20 శాతం పెంపు. ఇప్పుడు చేతికొచ్చే జీతం 100 అనుకుందాం. అద్దె 20, రాకపోకలు 5, మిగతా ఖర్చులు 40 పోగా 35 మిగులుతోంది. కొత్త నగరంలో చేతికి 120 వస్తుంది. అద్దె 38, రాకపోకలు 9, మిగతా 46 అయితే మిగిలేది 27. జీతం పెరిగింది, పొదుపు తగ్గింది. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీ అమ్మాయి అసలు అంకెలతో ఇదే లెక్క వేయండి. పెంపును పన్ను పోయాక చేతికొచ్చే మొత్తం మీద చూడాలి. అద్దెను ప్రకటనల్లో కనిపించే తక్కువ రేటుతో కాకుండా, ఆమె నిజంగా ఉండబోయే పేటలో నడుస్తున్న రేటుతో వేయాలి. అద్దె ఒక్కటే చేతికొచ్చే జీతంలో 35 శాతం దాటుతుంటే ఇంకొకరితో కలిసి ఉండాలి, లేదా జీతం గురించి మళ్లీ మాట్లాడాలి.

చాలామంది దెబ్బతినేది నెల ఖర్చులో కాదు, మొదటి నెలన్నరలో. అడ్వాన్సు, మొదటి అద్దె, బ్రోకర్ కమీషన్, పరుపూ పొయ్యీ లాంటి సామాన్లు అన్నీ కొత్త జీతం అందకముందే కట్టాలి. కంపెనీ ఇస్తానన్న తరలింపు ఖర్చేమో బిల్లులు పెట్టాక, ఒక్కోసారి రెండు నెలలకు వస్తుంది. అందుకే దాన్ని ముందే ఇస్తారా, ఆఫీసు గెస్ట్‌హౌస్ ఎన్ని వారాలు ఇస్తారు అని అడగాలి. ఏడాదిలోపో రెండేళ్లలోపో మానేస్తే ఆ డబ్బు తిరిగి కట్టాలన్న షరతు లేఖలో చివర ఎక్కడో ఉండే అవకాశం ఎక్కువ. ఉంటే, పనిచేసిన నెలల మేరకు తగ్గించి వసూలు చేస్తారా, మొత్తం వసూలు చేస్తారా అన్నది తేల్చుకోండి. కంపెనీయే తీసేసినా కట్టాలా అన్నది కూడా.

ఇప్పుడు అసలు విషయం, ప్రయాణం. నా లెక్కలో నగర జీవితం బాగుందా లేదా అన్నది సగం ఇక్కడే తేలుతుంది. ఆఫీసుకు 35 నిమిషాల దూరంలో ఉన్న ఇంటికీ, 75 నిమిషాల దూరంలో ఉన్న చవక ఇంటికీ రోజుకు రాకా పోకా కలిపి 80 నిమిషాలు తేడా. నెలకు 22 పనిదినాలంటే 29 గంటలు పైనే, అంటే ఎనిమిది గంటల పనిదినాలు మూడున్నరకు పైగా. అద్దెలో మిగిలే డబ్బును ఈ గంటలతో భాగించండి. ఆమె గంట సంపాదన కన్నా తక్కువ వస్తే ఆ చవక ఇల్లు చవక కాదు.

మ్యాపులో కిలోమీటర్లు చూడకండి. ఆమె షిఫ్టు మొదలయ్యే సమయం, మామూలు పనిదినం పెట్టి, మ్యాప్ యాప్ చూపే తక్కువ, ఎక్కువ సమయాల్లో ఎక్కువదాన్నే తీసుకోండి. గుమ్మం నుంచి స్టేషన్‌కు నడక, బండి కోసం ఎదురుచూపు, లిఫ్టు దగ్గర క్యూ కూడా కలపాలి. రెండుచోట్ల మారాల్సిన దారి కన్నా పది నిమిషాలు ఎక్కువైనా నేరుగా వెళ్లేదే నయం, ఒక్క బండి తప్పితే మొత్తం తలకిందులవదు. షిఫ్టు ముగిసే వేళకు చివరి రైలు ఉంటుందో లేదో చూడటం మర్చిపోతారు. లేకపోతే రాత్రి క్యాబ్ ఇస్తామని లేఖలో రాయించుకోవాలి.

గాలి గురించి ఆ రోజు ఎ.క్యూ.ఐ. (గాలి నాణ్యత సూచీ) చూసి నిర్ణయించకండి. ఆఫీసుకు, ఇంటికి దగ్గరి గాలి కొలత కేంద్రంలో పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి చేరే అతి సన్నని ధూళి) వార్షిక సగటు, ఏడాదిలో మరీ చెడ్డ మూడు నెలల సగటు చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వార్షిక పరిమితిని ఘనపు మీటరుకు 10 నుంచి 5 మైక్రోగ్రాములకు తగ్గించింది. ఆ పరిమితిలో ఉన్న మహానగరాలు బహు తక్కువ, కాబట్టి పేటకూ పేటకూ పోలికే పనికొస్తుంది. ఆస్తమా ఉంటే మాత్రం దీన్ని మొదటి ప్రశ్న చేయండి. ఇల్లు ఆదివారం మధ్యాహ్నం చూస్తే ఏ వీధైనా ప్రశాంతంగానే కనబడుతుంది. పనిరోజు రాత్రి పదింటికి ఒకసారి, ఉదయం ఎనిమిదింటికి ఒకసారి వెళ్లాలి. నీళ్ల సంగతి ఓనర్‌ను కాదు, పై అంతస్తులో ఉండేవాళ్లను అడగాలి.

ఇన్ని చెప్పీ పంపించొచ్చని ఎందుకన్నానంటే, కెరీర్ పరంగా పెద్ద నగరం ఇచ్చేది జీతం పెంపు కన్నా పెద్దది. జార్జ్ డి లా రోకా, డియేగో పుగా అనే ఆర్థికవేత్తలు స్పెయిన్ ఉద్యోగుల రికార్డులు పరిశీలించారు. పెద్ద నగరంలో సంపాదించిన అనుభవానికి విలువ ఎక్కువని, ఆ నగరం వదిలి వెళ్లాక కూడా ఆ లాభం చాలావరకు నిలుస్తుందని తేల్చారు. ఇది ఆమె రంగానికి వర్తిస్తుందా అని చూడటానికి తేలిక దారి ఉంది. జాబ్ పోర్టల్లో ఆమె చేసే పనికే, ఆ పేట నుంచి 45 నిమిషాల లోపు చేరగల కంపెనీల్లో ఎన్ని ఖాళీలున్నాయో లెక్కపెట్టండి. పదీ పదిహేను కంపెనీలు వేర్వేరుగా కనబడితే ధైర్యంగా వెళ్లొచ్చు. ఇదొక్క కంపెనీయే ఉంటే నగరం పెద్దదైనా ఆమెకు అది ఒంటరి ఊరే.

కంపెనీ ఎందుకు మారుతోందో కూడా అడగాలి. కొత్త క్లయింట్లు, కొత్త నియామకాల కోసమైతే మంచిదే. ఖర్చు తగ్గించుకోవడానికి రెండు ఆఫీసులను ఒకటి చేస్తుంటే ఒకే పనికి ఇద్దరు మిగులుతారు, కొత్తగా చేరినవాళ్లకే ముప్పు. ఆఫీసు లీజు ఎన్నేళ్లకన్నది మంచి ఆనవాలు. ఏడాదికి కోవర్కింగ్ స్థలం (పలు కంపెనీలు పంచుకునే అద్దె ఆఫీసు) తీసుకున్న కంపెనీ మళ్లీ మారొచ్చు.

ఈ వారమే మీ అమ్మాయితో హెచ్.ఆర్.కు ఒక మెయిల్ పెట్టించండి. పెంపు మూల వేతనంలో కలుస్తుందా, విడి భత్యమా? సర్వీసు కొనసాగుతుందా, ప్రొబేషన్ మళ్లీ మొదలవుతుందా? వెళ్లకపోతే ఇంటి నుంచి పని ఇస్తారా, పరిహారం ఇచ్చి పంపుతారా? జవాబులు మెయిల్లోనే రావాలి, ఫోన్లో వచ్చినవి లెక్కలోకి తీసుకోకండి. జవాబు ఆలస్యమైతే గడువు పెంచమని అదే మెయిల్ కింద అడగండి. ఇంటికి మాత్రం ఒప్పందం అప్పుడే వద్దు. గెస్ట్‌హౌస్‌లోనో హాస్టల్‌లోనో ఉంటూ, రెండు వారాలు ఆఫీసుకు నిజంగా తిరిగి చూశాక సంతకం పెట్టమనండి.