కంటి రోగిని పెద్దాసుపత్రికి పంపేటప్పుడు

అమ్మా,

మండల కేంద్రంలోని విజన్ సెంటర్‌లో చేరావని తెలిసి సంతోషించాను. అద్దాలు రాయడం నీకు నేను చెప్పనక్కరలేదు కనుక, రోగిని పై వైద్యానికి పంపే సంగతి ఒక్కటే రాస్తున్నాను.

చీటీలో మొదట ఉండవలసినవి నీ అనుమానమూ, ఎంత తొందరగా చూడాలన్న నీ అంచనా. ‘చూపు తగ్గింది, పరీక్షించగలరు’ అని రాస్తే, రోగి నోటితో చెప్పగలిగినంత కూడా ఆ చీటీ చెప్పదు. ఆ మనిషి శుక్లాల వరుసలో చివర కూర్చుంటాడు. ‘నిన్నటి నుంచి కుడికంట్లో మెరుపులు, కింది నుంచి నల్లని తెర, అద్దాలతో చూపు 6/9, రెటీనా ఊడుతోందని అనుమానం, ఈరోజే చూడాలి’ అని రాస్తే, 6/9 అంటే చూపు ఇంకా బాగానే ఉంది కనుక మాక్యులా (కంటి వెనక పొర అయిన రెటీనాలో సూటి చూపునిచ్చే నడిమి భాగం) ఇంకా అంటుకొని ఉండవచ్చునని గ్రహించి వాళ్లు వెంటనే లోపలికి పిలుస్తారు. ఎక్కడికి పంపుతున్నావో కూడా చూసుకో. ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ వంటి అంచెల వ్యవస్థలో శుక్లానికి మధ్య అంచె అయిన సెకండరీ కేంద్రం చాలు, ఊడిన రెటీనాను మాత్రం నేరుగా పై అంచెకే పంపాలి.

అద్దాలు లేకుండా, అద్దాలతో, పిన్‌హోల్‌తో (సన్నని రంధ్రమున్న బిళ్లతో) చూపు ఎంతో, కంటి ఒత్తిడి ఎంతో, ఏ వేళ ఏ పరికరంతో కొలిచావో రాయి. కంటిపాపల స్పందన చుక్కలు వేయకముందే చూడాలి. పాప విప్పారాక కొన్ని గంటలపాటు ఎవరూ దాన్ని అంచనా వేయలేరు.

కోతల కాలంలో వరి ఆకో గింజో తగిలి కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మీద తెల్లని మచ్చతో, అంటే ఫంగస్ పుండు కావచ్చునన్న అనుమానంతో, వచ్చేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వీరిలో చాలామంది అప్పటికే మందుల షాపువాడిచ్చిన చుక్కలు వాడుతుంటారు, అందులో స్టెరాయిడ్ ఉంటే ఫంగస్ పుండు మరింత ముదురుతుంది. ఆ సీసా తప్పక వెంట తీసుకెళ్లమను. పుండు గీకి పరీక్షించేదాకా నువ్వు కొత్త మందు మొదలుపెట్టకపోవడమే మేలు. కంట్లో సున్నం పడినవారి సంగతి వేరు: రెప్ప తిరగేసి రేణువులు తీసి, కనీసం అరగంట శుభ్రమైన నీటితో కడిగాకే బండి ఎక్కించు. పసిపిల్లల కంటిపాపలో తెల్లని మెరుపు కనిపిస్తే ‘మూడు నెలలాగి చూద్దాం’ అనకు, అది ప్రాణం తీసే రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు.

రాయడంకంటే వెళ్లేలా ఒప్పించడమే కష్టం. గ్లాకోమా (నీటికాసులు) అనుమానం ఉన్నవారికి నొప్పీ ఉండదు, ఎదురుగా చూపూ బాగానే ఉంటుంది. నాట్లు వదిలి పట్నం ఎందుకు పోవాలంటారు. ఇంట్లో మాట చెల్లేవారిని పిలిపించి, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చుననీ వారికి చెప్పు. చుక్కలు వేస్తారు కనుక తిరుగు ప్రయాణంలో రోగి బండి నడపకూడదు, తోడు అవసరమని ముందే తెలియజేయి. అలాగని అందరినీ పంపకు. పనికి అడ్డురాని లేత శుక్లం నీ దగ్గరే ఉండవచ్చు.

పంపిన ప్రతివారి పేరు, ఫోను నంబరు రిజిస్టరులో రాసి, పక్కన వెళ్లారా, జవాబు వచ్చిందా అన్న గడులు పెట్టుకో. అత్యవసరమైతే మర్నాడే, మిగిలినవారికి వారం తిరిగేలోగా ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు